వల దాటిన సారు

2023 చలికాలం. సుక్మా జిల్లాలో దోర్నపాల్ దాటి కోంట వైపు వచ్చే దారిలో, శబరి ఒడ్డున ఉంటుంది మా ఊరు. అన్నీ చేపలు పట్టే ఇళ్లే. అప్పటికి కొంతకాలంగా మేం హోమ్‌స్టే నడుపుతున్నాం. హోమ్‌స్టే అంటే హోటల్ కాదు. వచ్చినవాళ్లు మా ఇంట్లోనే పడుకుంటారు, మా పొయ్యి మీద వండిందే తింటారు. ఎవరిని ఏ ఇంటికి పంపాలో ఊరి సమితి బారీ ప్రకారం, అంటే వంతుల ప్రకారం, చూస్తుంది. సమితి అధ్యక్షురాలు మా తోటికోడలు సమ్మక్క. బారీ ఎంత న్యాయంగా నడుస్తుందో ఈ ఒక్క ముక్కతో మీకు అర్థమై ఉండాలి.

ఫొటోలు తీసుకుని అన్నీ బాగున్నాయనే జంటలు ఆమె ఇంటికి వెళ్తారు. వేడినీళ్లు, నెట్‌వర్కు అడిగేవాళ్లు మా ఇంటికి వస్తారు. సమితి మొదలుపెట్టిన రోజున కొత్త కుర్చీలన్నీ ఆమె వాకిట్లో వేసి, నన్ను కట్టెల మోపు మీద కూర్చోబెట్టారు. ఆ మోపులో ముళ్లున్న తుమ్మ కట్టె కూడా ఉంది. ఎవరూ గమనించలేదు. నేను మరిచిపోలేదు.

వెళ్లేటప్పుడు అతిథి చెప్పే అభిప్రాయాన్ని ఫీడ్‌బ్యాక్ అంటారు. చెడ్డ ఫీడ్‌బ్యాక్ రెండుసార్లు వస్తే ఆ ఇంటి బారీ పోతుంది. మాకు అప్పటికే ఒకటి ఉంది. మా కోడి మరీ పొద్దున్నే కూసిందని ఎవరో పెద్దమనిషి చెప్పి పోయాడు. కోడి కూయక పాట పాడుతుందా? ఇంకొక్క ఫిర్యాదు వస్తే చాలు, మా ఆయన పడవ మరమ్మతు కూడా ఆపి కట్టిన కొత్త గదిని మేకలకు వదిలేయాలి.

సరిగ్గా అప్పుడు బచేలి టౌన్‌షిప్ నుంచి ప్రసాదరావు గారు, ఆయన భార్య విజయ గారు వచ్చారు. ఆయన గనుల్లో పెద్ద ఉద్యోగం చేసి రిటైరైన మనిషి. పుట్టిన ఊరు కోస్తాలో.

“మా వైపు సముద్రం ఒడ్డున ఇసుక ఇలా ఉండదు,” అన్నారు దిగీ దిగగానే.

“ఇది సముద్రం కాదు సారూ, శబరి,” అన్నాను.

“అది కనపడుతూనే ఉందిలేమ్మా,” అన్నారు.

అని, ఫొటో కోసం నీళ్ల వైపు నడిచారు. దారిలో మా ఆయన వల ఆరేసి ఉంది. సారు బూట్లతోనే దాని మీదుగా పెద్ద అంగ వేసి అవతలికి దాటారు. అది చూసి మా ఆయన చేతిలో తెడ్డు కింద పెట్టేశాడు.

మాలో పరిచిన వలను దాటకూడదు. ఎంత దూరమైనా చుట్టూ తిరిగి పోవాలి. దాటితే ఆ వలకు చేప పడదు. దాటినవాళ్లే మర్నాటి వేటలో మొదటిసారి ఆ వలను తమ చేత్తో లాగాలి. అంతవరకు దాన్ని నీళ్లలో వేయం. దాటింది సర్పంచైనా సరే. కొత్తగా వచ్చినవాళ్లకు ఇదంతా చెప్పాల్సింది సమితి. సమ్మక్క చెప్పలేదు.

“సారూ, మీరు వల దాటిండ్రు. రేపు మీరే లాగాలె,” అన్నాను.

“నేనా? నేను గెస్టునమ్మా!”

“గెస్టయితేంది సారూ? దాటిన కాలు మీదే గద?”

“ఇవన్నీ మూఢనమ్మకాలు. కావాలంటే సారీ చెబుతాను.”

“నాకు చెప్తే ఏం లాభం? చేపలకు చెప్పాలె.”

విజయ గారు కొంగు నోటికి అడ్డం పెట్టుకున్నారు.

మర్నాడు పడవ కదల్లేదు. కబురు తెలిసి సమ్మక్క పరుగున వచ్చింది.

“ఏందే, గెస్టుతోని కొట్లాట పెట్టుకున్నవంట? ఇంకో ఫీడ్‌బ్యాక్ వచ్చిందంటే నీ బారీ పోతది. మా ఇంట్ల చేపలున్నయి, తీస్కపోయి వండు.”

“నీ కుర్చీల మీద కూసోని నువ్వే తినక్కా,” అన్నాను.

నా తప్పేముంది? అతిథిని ఇంటి మనిషిలా చూడాలని మాకు శిక్షణలో చెప్పారు. ఇంటి మనిషి వల దాటితే ఊరుకుంటామా?

మధ్యాహ్నం అన్నం, చింతపండు చారు, చాప్డా వడ్డించాను. చాప్డా అంటే మా అడవి ఎర్రచీమల చట్నీ. సారు దాన్ని చూసి కంచం కాస్త వెనక్కి జరిపారు.

“చేపల ఊళ్లో చేప లేకపోవడం ఏంటమ్మా?”

“వల మీ కోసమే చూస్తాంది సారూ.”

విజయ గారు మాత్రం చట్నీ మళ్లీ మళ్లీ వేసుకుంటూ, “తడి గచ్చు మీద నడవొద్దంటే నడుస్తారు. ముగ్గు తొక్కొద్దంటే తొక్కుతారు. ఇన్నాళ్లకు మీకు శిక్ష వేసేవాళ్లు దొరికారండీ. లేవండి,” అన్నారు.

“నేను లాగను.”

“అయితే నేనే లాగుతాను,” అంటూ ఆవిడ చెయ్యి కడుక్కుని కొంగు బిగించారు.

భార్య లాగితే చెల్లుతుందా? మా ఆయన గడ్డం గోక్కుని, “ఒక్క ఇంటోళ్లే గద. సగం చెల్లుతది,” అన్నాడు.

“సగం ఏంది? సారు సగమే దాటిండా?” అన్నాను. నా మాట ఎవరూ వినలేదు. ఇదీ నాకు గుర్తుంది.

ఆవిడను ఒంటరిగా పంపలేక సారు కూడా పడవెక్కారు. ఒడ్డున నిలబడి చూస్తున్నాను. ఆవిడ వల లాగుతుంటే బరువు తగిలి పడవ ఓ పక్కకు ఒరిగింది. సారు కేక వేసి గబుక్కున పట్టుకున్నారు. వలలో పెద్ద బొచ్చె చేప పడింది.

వల లాగిన చేతికే చేప తల దక్కడం మా పద్ధతి. తల విజయ గారికి వడ్డించి, సారుకు తోక ముక్క వేశాను.

“నేనూ పట్టుకున్నాను కదమ్మా!”

“మీరు పట్టుకున్నది నన్నండీ, వలను కాదు,” అన్నారు విజయ గారు తల చీకుతూ.

సారు అలిగారు. మారు అన్నం కూడా పెట్టించుకోలేదు. ఇక మా గది మేకలదే అనుకున్నాను.

వెళ్లే ముందు సమ్మక్క వచ్చి ఫీడ్‌బ్యాక్ అడిగింది. సారు గొంతు సవరించుకున్నారు. “గెస్టునని చూడకుండా బెదిరించారు. చీమలు పెట్టారు. తల ఇవ్వలేదు.”

సమ్మక్క మొహం వెలిగిపోయింది. “అయితే ఫిర్యాదే గద సారూ?”

“ఫిర్యాదేంటి? మళ్లీ వస్తాను. నా సగం దోషం అలాగే ఉందిట కదా. ఈసారి తల నాది.”

మా బారీ నిలిచింది. మరుసటి చలికాలం ఆయన అన్నట్టే వచ్చారు. ఒడ్డున వల కనపడగానే అంత ఇసుకా చుట్టూ తిరిగి వచ్చారు. నేను నేర్పిన విద్యే. కానీ ఈసారి వంతు సమ్మక్క ఇంటిదట. సారు సమ్మక్క వాళ్ల వల లాగారు. వాళ్ల కుర్చీలో కూర్చుని తల తిన్నారు. అన్నీ బాగున్నాయన్నారు.

కాసేపటికి విజయ గారు కంచం పట్టుకుని మా వాకిట్లోకి వచ్చారు. “అక్కడ అన్నీ బాగున్నాయమ్మా. ఏమీ తోచట్లేదు. చీమల చట్నీ ఉందా?” అన్నారు. మా కట్టెల మోపులోంచి తుమ్మ కట్టె తీసి పక్కన పెట్టి, మోపు మీద నా పక్కనే చోటిచ్చాను.

ఈ పనిలో నాకు తెలిసింది ఒకటే. అన్నీ బాగున్నాయని చెప్పి పోయేవాళ్లు అతిథులు, అలిగి మళ్లీ వచ్చేవాళ్లు ఇంటి మనుషులు. సారు కూడా మా ఇంటి మనిషే. అయితే మా వలకు తగిలిన దోషం సమ్మక్క వాళ్ల వల లాగితే పోదు. ఆ సగం ఇంకా అలాగే ఉంది.