ఏడ్పుల ఎల్లవ్వకు ఒక శోకం

శుక్రవారం మొదటి ఆటకు రెండు టికెట్లు తీసిపెట్టిన మనిషి బుధవారం పొద్దున్నే వెళ్ళిపోయింది. వాకిలి ఊడుస్తూ గుండె పట్టుకొని కూర్చున్నదట. కూతురు శాంతి నీళ్ళు తెచ్చేలోపే అయిపోయింది. మా రెండిళ్ళకూ నడుమ ఒకటే గోడ. ఇవతల నేను చాయ పెట్టుకుంటూ, ఈమె ఇంకా పిలవలేదేమిటని విసుక్కుంటున్నాను. నా పొరుగింటి కరుణమ్మ ఇక లేదన్న మాట చెవిలో పడ్డది గానీ, ఇప్పటికీ లోపలికి దిగలేదు.

హుజూరాబాద్‌లో కరుణమ్మ అంటే తెలిసినవాళ్ళు కొందరే. పిల్లల హాస్టల్లో ఆయమ్మగా పనిచేసింది. ఆదివారం చర్చి తప్పేది కాదు. ‘ఏడ్పుల ఎల్లవ్వ’ అంటే మాత్రం ఫోనున్న ప్రతి ఇంటికీ తెలుసు. గొప్పలు చెప్పుకుంటూ వచ్చిన పెద్ద సినిమా చతికిలబడితే, తలమీద కొంగు కప్పుకొని, గోడకు ఆనుకొని, ఆ సినిమా చచ్చిపోయినట్టే శోకం తీసే ముసలవ్వ ఎల్లవ్వ. ఆ వేషం కరుణమ్మదే. ఆ వీడియోలు చూసి అందరూ నవ్వారు. ఫోను పట్టుకొని తీసిన నేను కూడా నవ్వాను, కానీ కుళ్ళుకుంటూ నవ్వాను. పోయిన మనిషి గురించి అబద్ధం ఆడకూడదు కనుక ముందే చెబుతున్నాను.

ఎందుకంటే ఆ శోకం నాది.

మా ఇళ్ళల్లో ఎవరైనా పోతే ఆడవాళ్ళం ఒకరి మెడ ఒకరం పట్టుకొని, పోయినవాళ్ళ మంచి అంతా చెప్పుకుంటూ రాగం తీసి ఏడుస్తాం. అందులో మా అవ్వ ఎల్లవ్వను మించినవాళ్ళు లేరు. ఆమె తర్వాత నన్నే పిలిచేవారు. కరుణమ్మ వాళ్ళకు ఆ అలవాటు లేదు, వాళ్ళు చర్చి పాటలు పాడుకుంటారు. నా భర్త మస్కట్‌లో పోయి పెట్టెలో ఇంటికి వచ్చినప్పుడు నేను పదకొండు రోజులు శోకం తీశాను. పక్కన కూర్చొని నా వీపు నిమిరింది కరుణమ్మే. నిమురుతూ రాగం నేర్చుకుంటున్నదని నాకేం తెలుసు?

మరుసటి ఏడు నన్ను బలవంతంగా కరీంనగర్‌లో ఒక పెద్ద హీరో సినిమాకు తీసుకుపోయింది. మూడు గంటలు కూర్చున్నాం. తిరిగి వచ్చే బస్సులో ఉన్నట్టుండి ఆమె కొంగు తలమీదికి లాక్కున్నది.

"ఓ నా సినిమా కొడుకా! టీజర్ల ముద్దుగ నవ్వితివి గద కొడుకా! ట్రైలర్ల గుర్రమోలె ఉరికితివి గద కొడుకా! థియేటర్ల అడుగు వెట్టంగనే కూలవడితివి గద కొడుకా! హీరో ఒక్కడే వందమందిని కొట్టె, నిన్ను బతికిచ్చెటోడు ఒక్కడు లేకపాయె గద కొడుకా!"

బస్సంతా నవ్వింది. కండక్టర్ టికెట్లు కొట్టడం ఆపాడు. నాకు ఒళ్ళు మండింది.

"థూ, ఏం పనే ఇది! సచ్చినోళ్ళకే తియ్యాలె శోకం" అన్నాను.

"గా సినిమా మాత్రం బతికున్నదా అక్కా?" అన్నది.

ఆయన పోయిన తర్వాత నేను మొదటిసారి నవ్వింది ఆ బస్సులోనే. అందుకే కాదనలేకపోయాను. మా అవ్వ పేరిచ్చాను, నా ముక్కుపుల్ల ఇచ్చాను, కొంగు ఎట్లా కప్పుకోవాలో చూపించాను. "పోయినోళ్ళను తిట్టద్దు కరుణా, ముందుగాల మంచి చెప్పాలె" అని నేర్పింది కూడా నేనే. అది ఆమె ఎన్నడూ తప్పలేదు. ఎంత పాడు సినిమాలోనైనా ఒక మంచి వెతికి, దానికోసం ముందుగా ఏడ్చేది. జనం నడుమలోనే లేచిపోతున్నా తాను కదిలేది కాదు, నన్ను కదలనిచ్చేది కాదు. "పీనుగ లేవకముందే మనం లేస్తమా అక్కా? పేర్లు పడనీ. గవి గూడ ఎవలో ఒకల కష్టమే" అనేది.

పేరు పెరిగింది. ఒకరోజు కూరగాయల మార్కెట్‌లో ఇద్దరు ఆడపిల్లలు ఉరికొచ్చారు. "జర పక్కకు జరుగు పెద్దమ్మా, ఎల్లవ్వతోని ఫోటో దిగుతం" అన్నారు. మా అవ్వ పేరు అది. నేను జరిగాను. వాళ్ళ ఫోను నా చేతికే ఇచ్చి ఫోటో తీయమన్నారు.

వీడియోల కింద జనం రాసిన మాటలను కరుణమ్మ నాకు చదివి వినిపించేది. అన్నీ ఎల్లవ్వను పొగిడేవే. ఇంతమందిలో వెనకనుంచి వినిపించే నా నవ్వు గురించి ఒక్కరైనా రాయరా? ఈమె దాచిపెడుతున్నదని నాకు అనుమానం. చదువు నేర్పమని అడిగాను. ఎందుకో చెప్పలేదు. ఏ బడికీ పోని నాకు, యాభై దాటిన వయసులో, హాస్టల్ పిల్లలకు నేర్పినట్టే ఓపికగా నేర్పింది. గోడలమీది సినిమా పోస్టర్లే నా వాచకం. ఏడాదికి కూడబలుక్కోవడం వచ్చింది. ఒక మధ్యాహ్నం ఆమె నిద్రపోతుంటే ఫోను తీసి అన్నీ చదివాను. ఆమె దాచింది ఏమీ లేదు. నా గురించి ఎవరూ రాయలేదు, అంతే.

ఆ కోపంతో ఒకసారి ఫోను ముందు నేనే కూర్చుంటానన్నాను. ఫోను తాను పట్టుకున్నది. నేను రాగం ఎత్తుకున్నాను. రెండు మాటలు సినిమా గురించే వచ్చాయి. మూడో మాటకు మస్కట్ పెట్టె కళ్ళముందుకు వచ్చింది. ఇక ఆగలేదు. కరుణమ్మ ఫోను కింద పెట్టి వచ్చి నా వీపు నిమిరింది.

"గిది పెట్టొద్దక్కా. నువ్వు నిజంగ ఏడుస్తున్నవ్."

నేను ముందుకు రావడం ఆమెకు ఇష్టం లేదని అనుకున్నాను. నెల రోజులు సరిగ్గా మాట్లాడలేదు. రాగం నాదే, మాటల తీరూ నాదే. కానీ పీనుగ లేకుండా ఏడ్చి పదిమందిని నవ్వించే విద్య మాత్రం ఆమెదే. అది ఒప్పుకోవడానికి నాకు చాలా కాలం పట్టింది.

బుధవారం సాయంత్రం వాళ్ళ ఇంట్లో పాటలు పాడుతున్నారు. నేను తలదగ్గర కూర్చున్నాను. ఎంత ఆపుకున్నా రాగం గొంతుదాకా వచ్చింది. "ఓ నా చెల్లే..." అన్నానో లేదో, గడపలో ఒక అమ్మాయి కిసుక్కున నవ్వింది. తర్వాత వాకిట్లో మరొకరు. పాస్టరు గారు కూడా పుస్తకం అడ్డం పెట్టుకొని దగ్గారు. ఎల్లవ్వ గొంతు విన్నట్టే ఉన్నది అందరికీ. నా ముఖం మండిపోయింది. బతికినన్నాళ్ళు నా రాగం తీసుకున్నది సరే, తనకోసం నేను ఏడ్చే ఏడుపు కూడా తీసుకుపోయిందే అనుకొని నోరు మూసుకున్నాను.

శాంతి నా చెయ్యి పట్టుకున్నది. "ఆపకు పెద్దమ్మా. మా అమ్మకు గిది లేకపోతె ఎట్ల?"

అప్పుడు తీశాను.

"ఓ నా చెల్లే! ఎంత పాడు సినిమాకైనా పేర్లు పడేదాక లేవకపోతివి గదనే! నన్ను లేవనియ్యకపోతివి గదనే! గిప్పుడు ఇంటర్వెల్ గాకముందే లేస్తివి గదనే! పక్క సీట్ల నన్ను గూసుండవెట్టి, చీకట్లనే పోతివి గదనే!"

అందరూ నవ్వారు. నవ్వుతూనే ఒక్కొక్కరూ కళ్ళు తుడుచుకున్నారు. పాటలు పాడే ఆడవాళ్ళు వచ్చి నా మెడ పట్టుకున్నారు. నా జీవితంలో అంత మంచి శోకం నేను తీయలేదు. దాన్ని తీసిపెట్టడానికి ఎదురుగా ఫోను పట్టుకున్నవాళ్ళు ఎవరూ లేరు. అందులో కూడా అసలు మనిషి ఆమే, నేను కాదు.

శుక్రవారం ఆమె టికెట్లు తీసిపెట్టిన సినిమాకు పోయాను. పక్క సీట్లో నా సంచి పెట్టుకున్నాను. సగంలోనే జనం లేచారు. నేను లేవలేదు. చివర తెలుగులో పేర్లు పడ్డాయి. ఆమె నేర్పిన అక్షరాలతో ఒక్కొక్కటే కూడబలుక్కున్నాను. ఒకటి చదివేలోపు నాలుగు పైకి పోయాయి. దీపాలు వెలిగేదాకా కూర్చున్నాను.

సినిమా బాగాలేదు కరుణా. నీ చేతిలో పడితే ఎంత మంచిగ ఉండేదో అని కుళ్ళుకుంటూనే ఇంటికి వచ్చాను. వాకిట్లో కొంగు తలమీదికి లాక్కొని చూశాను. అట్లా ఏడవడం నాకు రాలేదు. ఇక ఎవరికీ రాదు.