బాబాయి ఎర్రనీళ్ళు, నా లెక్క

ఆ రోజుల్లో నాకు తెలియని విషయం ఒక్కటే ఉండేది: నాకు తెలియని విషయాలు చాలా ఉన్నాయని. బాపట్లలో పరిశోధన చేస్తుండేవాణ్ణి. వెలుతురు తిని బతికే బాక్టీరియాలో, ప్రొటీను మధ్య ఉండే రంగు పదార్థం ఏ రంగు వెలుగును మింగుతుందో, మింగినదాంట్లో ఎంత మళ్ళీ మిణుకుమంటూ వదిలేస్తుందో కంప్యూటర్లో లెక్కగట్టడం నా పని. (లెక్కగట్టేది కంప్యూటరు, టీ తాగేది నేను.) తొమ్మిది రోజులు మూలిగి అది ఒక గీత గీసిచ్చింది: ముదురు ఎరుపు. ఆ కాగితం జేబులో పెట్టుకుని, తెనాలిలో బండి మారి, రేపల్లెలో బాబాయి ముందు వాలాను. ఎందుకంటే సరిగ్గా ఆ బాక్టీరియానే బాబాయి మేడమీద ఇరవై ప్లాస్టిక్ డబ్బాల్లో, ఎండలో పెంచుతున్నాడు. రొయ్యల చెరువు చెడకుండా పోసే ఎర్రనీళ్ళు అవి. పది రోజుల్లో పెనుమూడి దగ్గరి చెరువులో రొయ్యపిల్ల వదలాలి. కిందటిసారి పంట పోయింది. ఈసారీ పోతే చెరువు వదులుకోవలసిందే.

"ఎండ దండగ బాబాయ్! దీనికి కావలసింది ఒక్క ఎరుపే. గదిలో ఎర్ర బల్బులు పెడితే రెండింతలు పెరుగుతుంది," అన్నాను. (రెండింతలని కంప్యూటరు చెప్పలేదు, ఊపులో వచ్చేసింది.)

"మింగిన వెలుగంతా ఏం చేసుద్దిరా?"

"కొంత తిరిగి వదిలేస్తుంది."

"అరక్క కక్కుద్దన్నమాట," అంది పిన్ని.

డబ్బాలన్నీ (అన్నీ అనే అనుకున్నాను) గదిలోకి మోశాను. ఐదో రోజుకు ఎరుపు పోయి బియ్యం కడిగిన నీళ్ళ రంగొచ్చింది. ఆరో రోజు పిన్ని ముక్కుకు కొంగు అడ్డం పెట్టుకుంది. ఫోన్ చేస్తే మా సార్ ఒక్కటే అడిగారు: "రంగు పదార్థం చుట్టూ ఉన్న ప్రొటీనును లెక్కలోకి తీసుకున్నావా?" లేదు. తీసుకుంటే నెల పడుతుందని, రంగు పదార్థాన్ని ఒంటరిగా కూర్చోబెట్టి లెక్క కట్టేశాను. చుట్టూ ప్రొటీను ఉంటే అది మింగే వెలుగే వేరట!

తలదించుకుని బాబాయికి చెప్పాను.

"నలుగురిలో ఉన్నప్పుడు మనిషే వేరేగా ఉంటాడు గదరా. దాన్ని ఒంటరిగా అడిగితే ఏం చెప్పుద్ది?" అంటూ మేడమీదికి తీసుకెళ్ళాడు. నీళ్ళ ట్యాంకు వెనక ఒక డబ్బా, దానిమ్మ రసంలా.

"నీ మీద నమ్మకమేరా. కాకపోతే ఎండమీద ఇంకొంచెం ఎక్కువ."

పెరుగు తోడేసినట్టు ఆ డబ్బాతోనే మళ్ళీ ఎర్రనీళ్ళు చేశాం. రొయ్యపిల్ల రెండు వారాలు ఆలస్యంగా వదిలినా చెరువు నిలిచింది. "ఏంటండీ ఇంత ఆలస్యం?" అని పక్క చెరువు రైతు అడిగితే, నేను అక్కడే ఉన్నాను, బాబాయి తడుముకోకుండా అన్నాడు: "మావాడు బాపట్ల నుంచొచ్చి నీళ్ళు చూసి, కాస్త ఆగమన్నాడండి. చదువుకున్నోడు గదా!"

ఆ తర్వాత ఇన్నేళ్ళలో నేను కోయని కోత లేదు. ఒక్కటీ ఆ మాటకు సాటిరాలేదు.