డిక్కీలో సోనామసూరి, గీత మీద నేను

రేసులో ముందుగా గీత దాటి, చెయ్యి బయటపెట్టి ఊపి, కారు దిగి డాన్సు కూడా చేసి, ఆ తర్వాత ఓడిపోయిన మనిషిని ఎప్పుడైనా చూశారా? ఇదిగో, మీ ఎదురుగానే కూర్చున్నాడు. ఆ టీ ఇలా ఇవ్వండి, చెబుతాను.

ముందు నా పిచ్చి సంగతి చెప్పాలి. నేను చదివింది టెన్త్, ఆ పైన ఐటీఐ ఫిట్టర్. విజయవాడ ఆటోనగర్‌లో లారీల కింద పడుకుని పెరిగినవాణ్ణి. మా అన్నయ్య స్పాన్సర్ చేస్తే మిషిగన్ వచ్చి, గేర్లు కోసే షాపులో చేరాను. చేరిన మొదటి వేసవిలోనే మా ఫోర్‌మన్ నన్ను ట్రక్కులో ఎక్కించుకుని డ్రాగ్ రేసులకి తీసుకెళ్లాడు.

అబ్బ! ఆ సాయంత్రం ఇప్పటికీ కళ్లు మూసుకుంటే చాలు, వచ్చేస్తుంది. మొక్కజొన్న చేల మధ్య నిటారుగా పావు మైలు రోడ్డు. రెండు కార్లు పక్కపక్కన నిలబడి, వెనక చక్రాలు అక్కడికక్కడే గిరగిరా తిప్పితే తెల్లటి పొగ లేచేది. ఆ పొగలోంచి పొద్దు కుంకుతుంటే రోడ్డంతా బంగారు రంగు. ఇంజన్ చప్పుడు చెవులకి కాదండీ, గుండెలకి వినబడేది. పచ్చలైటు పడగానే తొక్కెయ్యడమే! ముందు గీత దాటినవాడు గెలిచాడు. అంతే రూలు. కార్బురేటర్‌ని చెవితో విని స్క్రూ తిప్పేవాళ్లు. నాకైతే ఆటోనగర్‌లో మా మేస్త్రి గుర్తొచ్చాడు. మాతృభాష వినబడ్డట్టయింది. ఆ రోజే అనుకున్నా, ఎప్పటికైనా ఒక పాత బండి కొనాలని. కొన్నాను. ఎర్రది. నాకంటే కొంచెమే చిన్నది.

అయితే నేను బండి కొనుక్కునేసరికి ఆట మారిపోయింది! ఇప్పుడంతా బ్రాకెట్ రేసింగ్. అంటే ఏమిటంటే, నీ కారు ఆ పావు మైలు ఎంతసేపట్లో వెళ్తుందో నువ్వే లెక్కేసి అద్దం మీద తెల్ల రంగుతో రాసుకోవాలి. నెమ్మది కారుకి ఆ తేడా మేరకు పచ్చలైటు ముందు వేస్తారు. అక్కణ్ణుంచి ఎవరు ముందు చేరితే వాళ్లే. కానీ, ఇక్కడుంది కిటుకు, నువ్వు రాసుకున్న టైమ్ కంటే తొందరగా వెళ్లిపోయావనుకో, నువ్వు ఓడిపోయినట్టే! వేగంగా వెళ్తే శిక్ష వేసే రేసు ఎక్కడైనా ఉంటుందా? ఉంది. మాకు గంట దూరంలోనే ఉంది.

దానికి తోడు ఎలక్ట్రానిక్స్. మా టెంపుల్లో కనబడే కార్తీక్ అని ఒక కుర్రాడున్నాడు. కరీంనగర్ వాడు, ఇక్కడ ఎమ్మెస్ చేసి కార్ల కంపెనీలో ఇంజనీరు. వాడికీ ఈ పిచ్చే. వాడి కార్లో ఒక డబ్బా ఉంటుంది. మొదటి పసుపు లైటు చూసి బటన్ మీంచి వేలు తీస్తే, ఆ డబ్బా తనే లెక్కబెట్టి సరైన క్షణానికి కారు వదులుతుంది.

"మరి నువ్వేం చేస్తావురా లోపల కూర్చుని?" అనడిగాను.

"వేలు తీస్త అంకుల్, అంతే. మీరు ఊకె లైట్లు జూసుకుంట కాళ్లతోని కొట్లాడుతరు. డబ్బా పెట్టుకోరాదు?"

"డబ్బా పెట్టుకుంటే ఇంక నేనెందుకు, డబ్బానే పంపిస్తే సరిపోతుంది కదా!" అన్నాను. గట్టిగానే అన్నాను. కానీ ఆ వేసవంతా ఒక్క రౌండు కూడా గెలవలేదు. ఒకసారి పచ్చలైటు పడకముందే దూకేసి, ఎర్రలైటు వెలిగి ఔటయ్యాను. ఇంకోసారి పక్క కారు ఇంజన్ చప్పుడు బావుందని వింటూ బయల్దేరడమే మర్చిపోయాను.

ఇక మా ఆవిడ రాజ్యలక్ష్మి. డేకేర్‌లో పిల్లల్ని చూసుకుంటుంది. మా ఇంటి గరాజ్‌లో పట్టేది ఒక్క కారే. అందులో ఎర్ర బండి ఉంటుంది. రాజ్యం తిరిగే వెండిరంగు కారు బయట మంచులో ఉంటుంది. చలికాలం వస్తే పొద్దున్నే మంకీ క్యాప్ పెట్టుకుని అద్దం మీద గడ్డకట్టిన మంచు గీక్కునేది తనే. ఏళ్ల తరబడి ఓర్చుకుని, సెప్టెంబర్‌లో ఒకరోజు పప్పులో గరిటె వదిలేసి అంది:

"ఏవండీ, ఈ సీజన్ అయ్యేలోపు ఒక్క రౌండు, ఒక్కటంటే ఒక్కటి గెలవండి. మీ రెండో సంసారాన్ని గరాజ్‌లోనే ఉంచుకోండి, నేను నోరెత్తను. గెలవకపోతే అది బయటికి, నాది లోపలికి."

ఆ బండి బయట ఉంటే ఏమవుతుందో తెలుసా? ఇక్కడ రోడ్ల మీద చల్లే ఉప్పు, ఆ తడి, రెండు చలికాలాల్లో తుప్పు తినేస్తుంది. ఒప్పుకోక తప్పలేదు. ధర్మం ఆవిడ వైపే ఉందాయె.

అక్టోబర్లో ఆ శనివారం బయల్దేరుతుంటే రాజ్యం, "దారిలో ఇండియన్ స్టోర్లో టెంపుల్ దసరా భోజనాలకి బియ్యం చెప్పి ఉంచాను, తీసుకోండి" అంది. తీసుకున్నాను. ఎర్ర బండి డిక్కీ నిండా సోనామసూరి బస్తాలు! ట్రాక్ దగ్గర దింపి ఎక్కించే ఓపిక ఎవరికుంది? తాళ్లు వేసి గట్టిగా బిగించేశాను. చెకింగ్ చేసే పెద్దాయన డిక్కీ తెరిచి, బస్తాల్ని రెండుసార్లు ఊపి చూశాడు.

"వాటీజ్ దిస్?"

"బ్యాలస్ట్ సర్" అన్నాను. వెనక చక్రాలకి పట్టు కోసం బరువు పెట్టుకోవడం ఉన్నదే.

"స్మెల్స్ నైస్" అని స్టిక్కర్ అంటించేశాడు.

చెబితే నమ్మరు, ఆ బియ్యం మహిమ! పొద్దున ప్రాక్టీస్ రన్‌లు వేస్తే, ఎన్నిసార్లు వెళ్లినా ఒకటే టైమ్. గడియారంలా వెళ్తోంది బండి. ఆ టైమే అద్దం మీద పెద్దపెద్ద అంకెలతో రాశాను. మొదటి రౌండు ఎవరితో? కార్తీక్‌తో! డబ్బాకీ నాకూ ముఖాముఖి. ఇంకేం కావాలి?

మధ్యాహ్నం రాజ్యం తన స్నేహితురాలు సుజాతతో కలిసి వచ్చింది, రేసు చూడ్డం అదే మొదటిసారి. బండి దగ్గర వాళ్లని కూర్చోబెట్టి మంచినీళ్లు తెస్తానని వెళ్లానా, అప్పుడు వినబడింది. ఆ చప్పుడు! ఎవరో పాతకాలం డ్రాగ్‌స్టర్ తెచ్చారు, పొడుగ్గా, సన్నగా, వెనకెక్కడో రెండు పెద్ద చక్రాలతో. ప్రదర్శన కోసం స్టార్ట్ చేశారు. ఆ రేసు ఇంధనం ఘాటు వాసన ముక్కుకి తగిలి కళ్లలో నీళ్లు తిరిగాయి. ఆ నీళ్ల మధ్యలోంచి చూస్తే ట్రాక్ పక్కన స్క్రీన్లు లేవు, డబ్బాలు లేవు, కార్తీక్ లేడు. మొక్కజొన్న చేలు, బంగారు పొగ, పక్కన మా ఫోర్‌మన్ పళ్లన్నీ బయటపెట్టి నవ్వుతున్నాడు. ఎంతసేపు నిలబడ్డానో నాకే తెలీదు.

ఎవరో భుజం పట్టి ఊపారు.

"అంకుల్! మైకుల మన పేర్లు పిలుస్తున్నరు. జల్ది రాండ్రి!"

పరుగెత్తాను. హెల్మెట్ పెట్టాను. రాజ్యం బొటనవేలు పైకెత్తి చూపించింది. ఆవిడ మొహంలో ఏదో వెలుగు. సర్లే, మొదటిసారి చూస్తోంది కదా అనుకున్నాను.

లైట్లు దిగాయి. పసుపు, పసుపు, పసుపు... తొక్కాను! బండి ఒక్క గెంతు గెంతింది చూడండీ, నా వీపు సీటుకి అతుక్కుపోయింది. ఇంత తేలిగ్గా ఎప్పుడూ వెళ్లలేదు. నాకు వయసు తగ్గినట్టుంది. చివర్లో అద్దంలో చూస్తే కార్తీక్ వెనక! కాలు తియ్యాలా? ఛ, ఆ కాలం వాళ్లు కాలు తీసేవాళ్లా? గీత దాటేదాకా తొక్కే ఉంచాను.

గెలిచాను! చెయ్యి ఊపాను. తిరిగొచ్చి కారు దిగి, సుజాత ఫోన్లో వీడియో తీస్తుంటే డాన్సు చేశాను. ఈలోగా టైమ్ స్లిప్, అదే ఇద్దరి టైములూ అచ్చేసిన చీటీ, తీసుకుని కార్తీక్ వచ్చాడు. మొహం నవ్వా, జాలా, తెలీట్లేదు.

"అంకుల్, నన్నయితే ఓడగొట్టిన్రు. కానీ మీరు రాసుకున్న టైమ్ కంటే ఫాస్ట్ పోయిన్రు. మీరు ఔట్. ఆఖర్ల జర బ్రేక్ కొడితే అయిపోతుండె గదా!"

"ఎలా? పొద్దున్నుంచీ ఒకటే టైమ్ వచ్చింది కదరా!"

అప్పుడు రాజ్యం నెమ్మదిగా అంది, "ఏవండీ... బరువు తగ్గితే బండి ఇంకా వేగంగా పోతుంది కదా అని... మీరు లేనప్పుడు నేనూ సుజాతా ఆ బస్తాలు దింపి నా కార్లో పెట్టేశాం."

నేను డిక్కీ తెరిచాను. ఖాళీ తాళ్లు.

"నడుం పట్టేసిందన్నయ్య గారూ" అంది సుజాత.

ఏమంటాను చెప్పండి? గరాజ్ కావాల్సిన మనిషి! నేను ఓడిపోతే లాభం ఆవిడకే. అలాంటిది నేను గెలవాలని బస్తాలు మోసింది. కోపం వస్తుందా? రాలేదు. ఏడుపు వచ్చింది, దాన్ని తుమ్ముగా మార్చుకున్నాను. గడ్డి మీద కూర్చుని ముగ్గురం పులిహోర తిన్నాం. రూలు మొత్తం విడమరిచి చెప్పాను. రాజ్యం శ్రద్ధగా విని, చెయ్యి కడుక్కుని అంది:

"అంటే చెప్పిన టైమ్‌కి చెప్పినట్టు వెళ్లడమే కదా గెలుపు? తొందర కాదు కదా? మరి ఇన్నాళ్లూ మీరెందుకు నడిపారు?"

సుజాత నవ్వు ఆపుకోవడానికి గబగబా నీళ్లు తాగింది.

"నువ్వు నడుపుతావా?" అన్నాను హాస్యానికి.

"సీజన్ ఇంకా అవ్వలేదుగా" అంది. ఆవిడ హాస్యానికి అనలేదు.

తర్వాతి శనివారమే సీజన్లో ఆఖరిది. పొద్దున ప్రాక్టీస్ రన్‌లు వేసింది. డబ్బా లేదు, బియ్యం లేదు. రోజూ కూరలో ఉప్పు ఒకే చేత్తో ఒకేలా వేసినట్టు, ప్రతిసారీ అదే తొక్కుడు, అదే టైమ్. మొదటి రౌండు మళ్లీ కార్తీక్‌తోనే పడింది. ఇద్దరూ లైన్లో పక్కపక్కన ఆగారు. రాజ్యం అద్దం దించింది. అప్పుడు నేను నా జన్మలో చూడని దెబ్బ చూశాను.

"కార్తీక్! అన్నం తిన్నావా నాన్నా? మొహం పీక్కుపోయిందేంటి?"

వాడు పాపం కరిగిపోయాడు. "తినలే ఆంటీ..."

"అయ్యో! రేసు అవగానే రా, పెరుగన్నం కలిపి తెచ్చాను. మాగాయ ఉంది."

అద్దం ఎత్తేసింది. లైట్లు వెలిగాయి. వాడి మనసు మాగాయ మీద ఉంది, వేలు బటన్ మీద ఉంది. వేలు ముందే జారింది. ఎర్రలైటు! డబ్బా ఎంత కచ్చితంగా లెక్కబెడితే ఏం లాభం, తప్పు నుంచే లెక్కబెట్టింది. మా ఆవిడ తన మానాన తను రాసుకున్న టైమ్‌కి నిదానంగా వెళ్లి గెలిచింది. పాతకాలం రేసర్లు ఎదుటివాణ్ణి తికమక పెట్టడానికి నానా వేషాలు వేసేవాళ్లని మా ఫోర్‌మన్ చెప్పేవాడు. ఇలాంటిది మాత్రం ఆయన కూడా చెప్పలేదు.

ఇంటికొచ్చాక నేనే అన్నాను, "రాజ్యం, ఒక్క రౌండు గెలిచాం. బండి గరాజ్‌లో ఉంటుంది కదా?"

"ఉంటుందండీ. మాటంటే మాటే. గెలిచింది నేను కాబట్టి లోపల ఉండేది నా కారే."

"నీ కారంటే?"

"ఎర్రది" అని, వెండిరంగు కారు తాళాలు నా చేతిలో పెట్టింది.

నిన్న తెల్లవారుజామున మొదటి మంచు పడింది. మంకీ క్యాప్ పెట్టుకుని బయట నిలబడి అద్దం గీకుతున్నాను. గరాజ్ తలుపు ఎత్తి, ఇంజన్ చల్లబడకూడదని రాజ్యం ఎర్ర బండి స్టార్ట్ చేసింది. గుడగుడమంటూ ఆ పాత గొంతు మంచులోకి వచ్చింది. కళ్లు మూసుకున్నాను. మొక్కజొన్న చేలు, బంగారు పొగ, గుండెల్లో ఆ చప్పుడు... ఆహా!

"ఏవండీ" అని పిలిచింది రాజ్యం. "ఒకే చోట ఎంతసేపు గీకుతారు? అద్దం అరిగిపోతుంది!"