గిజిగాడి ఇంటి దీపం

గాంధీనగర్‌లో మా వీధి చివర మళ్ళీ నీళ్ళ పైపు పగిలింది. మునిసిపాలిటీకి ఫోను చేస్తే ఆఫీసుకు రమ్మంటారు, ఆఫీసుకు వెళితే ఫోను చేయమంటారు. నేను రెండూ మానను. ఈలోగా ఆ చెమ్మకు గోడ వారన గడ్డి మొలిచింది. పగలంతా కాగిన నేల మీద సాయంత్రం ఆ తడి గడ్డి వాసన లేచినప్పుడు మాత్రం తిట్లు మరిచిపోయి, హగరి ఒడ్డుకు వెళ్ళిపోతాను.

తెక్కలకోట దగ్గర మా అమ్మమ్మ ఊళ్ళో, వీధి చివర దిగితే హగరి ఏరు. ఉగాది వెళ్ళి, బడికి సెలవులిచ్చి, ఎండలు ఇంకా ముదరకముందు, ఏరు ఇసుకలో సన్నని పాయగా మారి, మడుగుల పక్కన జమ్ము మాత్రం పచ్చగా మిగిలే రోజులవి. మధ్యాహ్నమంతా వసారాలో గచ్చకాయలాడి, ఉప్పూకారం అద్దిన మామిడి పిందెలతో పళ్ళు పులియబెట్టుకుని, పొద్దు వాలగానే అమ్మమ్మ పొట్లం కట్టిచ్చిన బొరుగుల వగ్గాని, మిరపకాయ బజ్జీలు పట్టుకుని పిల్లలమంతా ఏటికి దిగేవాళ్ళం. జమ్ము మొదట్లో ఒక మిణుగురు వెలిగేది. అది నిజమా, కంటి భ్రమా అని వాదులాడుకుంటుండగానే దూరంగా ఇంకొకటి. కాసేపటికి గట్టు పొడవునా, మంగలంలో జొన్నలు పేలుతున్నట్టు, చప్పుడు మాత్రం లేకుండా. ఒకదాన్ని గుప్పిట మూసి పట్టుకుంటే వేళ్ళ సందులు ఆకుపచ్చగా కనిపించేవి కాని, చెయ్యి కాలేది కాదు. కాల్చని నిప్పు ఎలా ఉంటుందని అందరినీ అడిగేదాన్ని.

మడుగు మీదికి వంగిన తుమ్మచెట్టుకు గిజిగాళ్ళ గూళ్ళు వేలాడేవి. ఎద్దులను కడగడానికి వచ్చిన అంజినప్ప మామ, మా అమ్మ అన్న, ఒక సాయంత్రం వాటిని చూపించి అన్నాడు:

"గిజిగాడు మిణుగుర్లని పట్టకొచ్చి, గూట్లో బంకమన్ను పెట్టి అతికిచ్చుకుంటాది. దీపం కోసరం."

"పిట్టలు పొద్దుగూకుతూనే పండుకుంటాయి కదా మామా. వాటికి దీపమెందుకు?"

"నీ మాదిరే లెక్కలు చేసుకునేకేమో, పోమ్మే."

ఎద్దులు తప్ప అందరూ నవ్వారు. నా బజ్జీ తింటూ మామ కొడుకు వీరేశి బావ అందరికంటే ఎక్కువ నవ్వాడు.

నేను ఊరుకోలేదు. మర్నాటి నుంచి బట్టలుతికే బండ మీద కూర్చుని, చీకటి పడేదాకా గూళ్ళనే చూశాను. కింద జమ్మంతా మిణుకుమంటుంటే పైన గూళ్ళు నల్లగా, బూడిద గుమ్మడికాయల్లా వేలాడేవి. ఒక్కదాంట్లో వెలుగు లేదు. ఇంటికి వచ్చి, అందరూ జొన్నరొట్టెలు తింటుండగా ఆ మాట చెప్పాను. మామ గురెళ్ళ పొడిలో నూనె కలుపుకుంటూ తల కూడా ఎత్తలేదు.

"అవి పోయినేటి గూళ్ళు. ఖాళీ ఇంట్లో ఎవురు దీపం పెడతారు? వానాకాలం రా, చూపిస్తా."

వానాకాలంలో నాకు బడి. ఆ సంగతి ఆయనకు తెలుసు. ఏ వానాకాలమూ ఆయన కబురు చేయలేదు. పైగా నాకు ఇన్‌స్పెక్టరమ్మ అని పేరు పెట్టాడు. పెళ్ళిలో మావారి చెయ్యి పట్టుకుని, "జాగ్రత్తప్పా, మా పాప పిట్ట ఇంటికే తనిఖీకి పోయింది" అన్నాడు. పందిట్లో నవ్వినవాళ్ళెవరో నాకు ఇప్పటికీ గుర్తే. "నువ్వు చెప్పిందే నిజం పాపా" అని ఆయన నోట ఒక్కసారి వినాలనుకున్నాను. అనకుండానే పోయాడు.

పోయిన వానాకాలం నేనే వెళ్ళాను. తుమ్మచెట్టు లేదు. ఇసుక తోడిన చోట గుంతలు, జమ్ము ఉన్న చోట వీరేశి బావ లారీల షెడ్డు, దాని మీద రాత్రిని పట్టపగలు చేసే దీపం. గిజిగాళ్ళు మాత్రం షెడ్డు ముందు కరెంటు తీగకు గూళ్ళు అల్లుకున్నాయి. రాలిపడిన గూడొకటి చీల్చి చూస్తే లోపల ఎండిన మన్ను ఉంది.

"చూడు, మా నాయన చెప్పిండేది" అన్నాడు బావ.

"మన్నుండాది. పురుగు యాడుండాది?"

"రాలిపోయింటాది."

లైటు ఆర్పమని పట్టుబట్టాను. గొణుక్కుంటూ ఆర్పాడు. పిట్టలు సద్దుమణిగాయి, చీకటి చిక్కబడింది. గూళ్ళలో దీపం లేదు. నేను గెలిచాననుకుని కిందికి చూశాను. కిందా లేదు. ఒడ్డు పొడవునా ఎక్కడా ఒక్క మిణుకు లేదు. బావ కూడా అటే చూస్తున్నాడు.

బావ కోడలు టీ తెచ్చి, మమ్మల్ని వింతగా చూసింది.

"ఏం పోయింది మామా, వెతుకుతాండారు?"

"మిణుగుర్లు."

"అవి ఈడ ఎప్పుడన్నా ఉండ్యానా?" అని, జవాబు కోసం ఆగకుండా గోడ వైపు నడిచింది. "చీకట్లో కూచోవద్దండత్తా, పురుగూ పుట్రా ఉంటాయి" అంటూ లైటు వేసింది.