ఆ గుట్ట మీద ప్రసాద్ ఆగాడు

పోయిన సంవత్సరం ఏప్రిల్‌లో ఒక ఆదివారం పొద్దున, అమెరికాలో, వర్జీనియాలోని ఆష్‌బర్న్‌లో మా ఇంటి దగ్గర సైకిళ్ళకీ నడకకీ వేసిన ట్రెయిల్ మీద సైకిల్ తొక్కుతుంటే నా ఎడమ దవడ లాగడం మొదలుపెట్టింది. వంతెన ఎక్కేటప్పుడు వచ్చింది, దిగేటప్పుడు పోయింది. పక్కనే ప్రసాద్ ఉన్నాడు. ఇరవై ఏళ్ళ నుంచి స్నేహితుడు, ఇక్కడ నా మొదటి ఉద్యోగంలో పక్క సీటు.

"ఏంట్రా, మొహం అలా పెట్టావు?" అన్నాడు.

"పన్ను. రూట్ కెనాల్ చేయించాలేమో."

అది పన్ను కాదని నాకు ఆ రోజే సగం తెలుసు.

నా హార్ట్ ఎటాక్ గురించి ఇక్కడ మనవాళ్ళలో చాలామందికి తెలుసు. అయితే తెలిసిన కథలో ఒక ముక్క అబద్ధం. అది నేను చెప్పిందే. దాన్ని సరిచేయడానికే ఇది రాస్తున్నాను.

ఆ ఏప్రిల్‌కి నాలుగు నెలల ముందు హైదరాబాద్ వెళ్ళినప్పుడు, మనలో చాలామంది చేసే పనే నేనూ చేశాను: ఫుల్ బాడీ చెకప్. ఇక్కడైతే ఒక్కో అపాయింట్‌మెంట్‌కి నెలలు ఆగాలి, అక్కడ ఒక్క పూటలో అన్నీ అయిపోతాయి. ట్రెడ్‌మిల్ మీద పరిగెత్తించాక, చిన్న వయసు డాక్టరమ్మ కాగితం చూస్తూ, "టీఎంటీ పాజిటివ్ వచ్చింది సార్, గుండెకి రక్తం సరిగా అందట్లేదేమో. యాంజియోగ్రామ్ చేయించుకోవాలి. అమెరికా వెళ్ళాకైనా సరే, లేట్ చేయొద్దు," అంది.

నేను నవ్వాను. "నేను ఒక్క రోజులో అరవై మైళ్ళు సైకిల్ తొక్కుతానమ్మా."

"అదే, ప్రస్తుతానికి తొక్కొద్దంటున్నాను సార్," అంది ఆవిడ.

ఇండియాలో పెద్ద హాస్పిటల్స్ ఎవరినైనా యాంజియోగ్రామ్ అని భయపెడతాయన్నది ఇక్కడి పార్టీల్లో ప్లేటు పట్టుకుని అందరం అనుకునే మాటే. నేనూ అదే అనుకుని ఊరుకున్నాను. అసలు కారణం వేరే ఉంది. జూన్‌లో ప్రసాద్, నేను ఫ్రాన్స్ వెళ్ళి అక్కడి పల్లెదారుల్లో వారం రోజులు సైకిల్ తొక్కాలని రెండేళ్ళుగా అనుకుంటున్నాం. నా భార్య సునీత ఆ కాగితం చూస్తే ప్రయాణం ఆగిపోతుంది. "రిపోర్టులెలా వచ్చాయి?" అని అడిగితే, "అంతా నార్మల్, కొంచెం కొలెస్ట్రాల్," అన్నాను. ఫైలు మడిచి సూట్‌కేస్ లోపలి జిప్ అరలో పెట్టాను. వర్జీనియా వచ్చాక ఇక్కడి డాక్టరుకీ చెప్పలేదు. ఏప్రిల్‌లో దవడ లాగాక పంటి డాక్టరు దగ్గరికి మాత్రం వెళ్ళాను. ఎక్స్‌రే తీసి, "యువర్ టీత్ ఆర్ ఫైన్," అన్నాడు.

జూన్‌లో అదే సూట్‌కేస్‌తో ఫ్రాన్స్ వెళ్ళాను.

ఆ దారులు ఎలా ఉంటాయో చెప్పాలి. ఆష్‌బర్న్‌లో డేటా సెంటర్లు కట్టడానికి సామాను మోసే లారీల పక్కన ప్రాణాలు బిగబట్టి తొక్కే మాకు అలాంటి రోడ్డు ఉంటుందని ఊహకి కూడా అందదు. ఒక కారు పట్టేంత వెడల్పు, నున్నటి తారు, రెండు వైపులా గోధుమ చేలు, అక్కడక్కడా కిటికీ తలుపులు మూసి ఉన్న రాతి ఇళ్ళు. ప్రసాద్ ఎదురొచ్చిన కార్లు లెక్కపెట్టడం ఆటగా పెట్టుకున్నాడు. మొదటి రోజు పదకొండు, రెండో రోజు ఆరు.

"ఒక్క హారన్ లేదురా. చెవులు పనిచేస్తున్నాయో లేదో డౌటొస్తోంది," అన్నాడు.

"నువ్వు మాట్లాడటం ఆపితే తెలుస్తుంది," అన్నాను.

మూడో రోజు పదకొండు గంటలకి చిన్న గుట్ట మొదలైంది. దవడ లాగింది. ఈసారి ఎడమ చెయ్యి కూడా బరువెక్కింది. ప్రసాద్ ఆగాడు. "చెమటలు కారిపోతున్నాయి నీకు. కాసేపు కూర్చుందాం," అన్నాడు. నేను ఆగలేదు. కొంచెం దూరం పోయాక ప్రసాద్ మళ్ళీ నా ముందుకొచ్చి ఆగాడు. "వెనక్కి పోదాంరా, ఊళ్ళో కాఫీ తాగుదాం." మూడోసారి నా హ్యాండిల్ మీద చెయ్యి వేశాడు.

నేను ఆ చెయ్యి తోసేసి, "నీకు ముసలితనం వచ్చేసింది. నువ్వు పోయి తాగు," అన్నాను.

తర్వాత వంద గజాలు తొక్కానేమో. గుండె మీద ఎవరో మోకాలు పెట్టి నొక్కినట్టయింది. గడ్డిలో పడ్డాను.

మా ఇద్దరి ఫోన్లకీ అక్కడ సిగ్నల్ లేదు. ప్రసాద్ నా మొహానికి ఎండ తగలకుండా రెండు హెల్మెట్లు అటూ ఇటూ పెట్టి, తన జెర్సీ విప్పి వాటి మీద కప్పి, సిగ్నల్ కోసం గుట్ట పైకి తొక్కుకుంటూ వెళ్ళాడు. ఎంతసేపు ఒంటరిగా ఉన్నానో తెలియదు. మూడు రోజులు నేను మురిసిపోయిన ఆ నిశ్శబ్దమే చుట్టూ ఉంది. ఒక్క కారు రాదా అని చెవులు రిక్కించి విన్నాను. రాలేదు. చివరికి వినిపించింది ప్రసాద్ సైకిల్ చైను చప్పుడు.

అతను ఫోన్ చేసి పిలిచిన ఎర్ర వ్యాన్ వచ్చింది. అక్కడి పల్లెల్లో ఫైర్ వాళ్ళే అంబులెన్స్‌లా వస్తారట. ఈసీజీ, ఇంజెక్షన్, గంటకు పైగా ప్రయాణం, ట్రోపోనిన్ అనే రక్తపరీక్ష, తిన్నగా యాంజియోగ్రామ్ చేసే క్యాథ్ ల్యాబ్. ఎల్ఏడీ అనే పెద్ద రక్తనాళం దాదాపు మూసుకుపోయింది. ఒక స్టెంట్ వేశారు. మర్నాడు కార్డియాలజిస్టు ఆగి ఆగి ఇంగ్లీషులో, "యూ ఆర్ లక్కీ. యువర్ ఫ్రెండ్ టోల్డ్ అస్ ఎవ్రీథింగ్," అన్నాడు. రోడ్డు మీద జరిగింది చెప్పాడనుకున్నాను.

ఆ సాయంత్రానికి సునీత వచ్చింది. మంచం పక్కన కూర్చుని మొదట అడిగిన మాట: "ఈ వయసులో ఎందుకండీ అంత స్పీడ్‌గా తొక్కారు?"

నా కళ్ళ ముందు ఆ ఫైలు కదిలింది. "ప్రసాద్ ఆగలేదు. వెనకపడితే ఎలా అని నేనూ లాగాను," అన్నాను.

ప్రసాద్ గుమ్మంలో ఉన్నాడు, చేతిలో రెండు కాఫీ కప్పులు. నా మాట విన్నాడు. ఒక కప్పు సునీత పక్కన పెట్టి, "తాగమ్మా, చల్లారిపోతుంది," అని బయటికి వెళ్ళిపోయాడు.

ఇంటికొచ్చాక కోలుకోవడం నేననుకున్నంత నేరుగా జరగలేదు. ఎకో స్కాన్ తీస్తే, గుండె రక్తాన్ని ఎంత బలంగా తోస్తోందో చెప్పే ఎజెక్షన్ ఫ్రాక్షన్ నలభై; ఉండాల్సింది యాభైకి పైన. నెల తిరగకుండానే మళ్ళీ ఛాతీలో నొప్పి అని ఎమర్జెన్సీకి పరుగు. స్టెంట్ బాగానే ఉంది. "దిస్ ఈజ్ ఫియర్," అంది అక్కడి డాక్టరు మెల్లగా. మూడు నెలలు కార్డియాక్ రీహాబ్‌కి వెళ్ళాను. ఛాతీకి వైర్లు అంటించుకుని, కదలని సైకిల్ మీద, గోడకేసి చూస్తూ తొక్కడం.

ఈలోగా నా మాట నడుచుకుంటూ పోయింది. సునీత ఒకరికి చెప్పింది, వాళ్ళు ఇంకొకరికి. మా సైక్లింగ్ వాట్సాప్ గ్రూపులో ఎవరో "ప్రసాద్‌తో జాగ్రత్త, చంపేస్తాడు" అని జోకు వేశారు. కిందంతా నవ్వులు. నేను చూశాను, ఏమీ రాయలేదు. రెండు రోజులకి ప్రసాద్ గ్రూపులోంచి వెళ్ళిపోయాడు. అప్పటిదాకా అతన్ని "అన్నయ్యా" అని పిలిచే సునీత "ప్రసాద్ గారు" అనడం మొదలుపెట్టింది. తర్వాత అసలు పేరెత్తడమే మానేసింది. ఒకసారి అతను పళ్ళు తీసుకుని వస్తే, గుమ్మంలోనే, "పడుకున్నారండీ," అని పంపేసింది. నేను పడుకోలేదు. పైన కిటికీలోంచి అతని కారు వెళ్ళడం చూశాను.

ఈ ఏప్రిల్‌లో ఆఫీసు పని మీద ప్లేనో ఊరికి వెళ్ళాల్సి వచ్చి, బేస్‌మెంట్‌లోంచి ఆ సూట్‌కేస్ తీశాను. ఫైలు చించి పారేద్దామని జిప్ లాగాను. ఫైలు ఉంది. కానీ నేను మడిచినట్టు మడిచి లేదు. అట్ట మీద తెల్లటి స్టిక్కరు, దాని మీద ఫ్రెంచ్‌లో ఆ హాస్పిటల్ పేరు, నా పేరు, నన్ను చేర్చిన తేదీ. టీఎంటీ పేజీలో "పాజిటివ్" అన్న మాట చుట్టూ నీలం ఇంకుతో సున్నా.

 బేస్‌మెంట్ మెట్ల మీద కూర్చుండిపోయాను. నేను హాస్పిటల్‌లో ఉండగా ఆ సూట్‌కేస్ తెరవగలిగింది ప్రసాద్ ఒక్కడే. అంటే మొదటి రోజు నుంచీ అతనికి తెలుసు. గుమ్మంలో కాఫీ కప్పులతో నిలబడి నా అబద్ధం విన్నప్పుడు కూడా తెలుసు. పది నెలలు.

ప్లేనో వెళ్ళలేదు. ప్రసాద్ ఇంటికి వెళ్ళాను. గరాజ్ తలుపు తెరిచే ఉంది. అతని సైకిల్ గోడకి వేలాడుతోంది, రెండు టైర్లలోనూ గాలి లేదు. నా చేతిలో ఫైలు చూసి, "దొరికిందా?" అన్నాడు.

"నీకెలా..."

"హాస్పిటల్ వాళ్ళు నీ పాస్‌పోర్టు తెమ్మన్నారు. హోటల్ గదిలో నీ సూట్‌కేస్ వెతికితే అది తగిలింది. డాక్టర్ల చేతిలో పెట్టాను, పని అయ్యాక తిరిగి ఇచ్చారు. సునీత ఫ్లైట్ దిగేలోపు మళ్ళీ జిప్‌లో పెట్టేశాను."

"ఎందుకు చెప్పలేదురా?"

"అది నువ్వు చెప్పాల్సిన మాట. నేను చెప్తే చాడీ అవుతుంది." గాలి లేని టైరు నొక్కి చూస్తూ, "చెప్తావనే అనుకున్నాను. మొదటి నెల," అన్నాడు.

నేను ఫైలు పట్టుకుని ఇంటికి బయల్దేరాను.

ఆ సాయంత్రం సునీతకి ఫైలు ఇచ్చాను. ప్రతి పేజీ చదివింది. "గుమ్మంలోంచి పంపేశాను కదండీ ఆయన్ని," అని మాత్రం అంది. రెండు రోజులు నాతో మాట్లాడలేదు. మూడో రోజు తనే ఫోన్ తీసి, "అన్నయ్యా, నేను," అని ఏడ్చింది. నేను వాట్సాప్ గ్రూపులో రాశాను: "ఆ రోజు ప్రసాద్ మూడుసార్లు ఆగాడు. ఆగనిది నేను." 

ఇప్పుడు ఎజెక్షన్ ఫ్రాక్షన్ యాభై రెండు. రోజూ నాలుగు మాత్రలు. వారానికి మూడు రోజులు, డాక్టరు చెప్పిన హార్ట్ రేట్ దాటకుండా ట్రెయిల్ మీద తొక్కుతున్నాను. ప్రసాద్ వెంటనే రాలేదు. ఆగస్టులో ఒక ఆదివారం టైర్లకి గాలి కొట్టుకుని వచ్చాడు. ఇంకా మునుపటంత మాట్లాడడు. బయల్దేరే ముందు మాత్రం ప్రతిసారీ ఒకే ప్రశ్న వేస్తాడు: "ఇవాళ జిప్‌లో ఏం దాచావు?" బీపీ ఎంతో, రాత్రి నిద్ర పట్టిందో లేదో, దవడ ఎలా ఉందో చెప్పాకే పెడల్ మీద కాలు వేస్తాడు.

చదివేవాళ్ళకి నేను చెప్పగలిగింది ఒక్కటే. ఇండియాలో చేయించుకున్న చెకప్ రిపోర్టు ఎక్కడ పెట్టారో ఇవాళే వెతకండి. నమ్మినా నమ్మకపోయినా ఇక్కడి డాక్టరు చేతిలో పెట్టండి. దాన్ని ఒక ఫోటో తీసి ఇంట్లోవాళ్ళకీ, దారిలో మీ పక్కన ఉండే మనిషికీ పంపండి. నాది సునీత ఫోన్‌లో ఉంది. ప్రసాద్ ఫోన్‌లో అయితే పోయిన ఏడాది జూన్ నుంచే ఉందట.