తెలుపా, నిమ్మపచ్చా?

మా ఆర్లిస్ బావకు చేపల ఎర ఏ రంగుది కట్టాలో తేల్చుకోవడం చేతకాదు. తక్కినవన్నీ చేతనవును. పడవ ఇంజను ముక్కలుగా విప్పి మళ్లీ బిగించగలడు. మా వెల్డా అక్క వండిన మొక్కజొన్న రొట్టె మొహం చిట్లించకుండా తినగలడు. కానీ ఎరల పెట్టె మూత తెరిచాడంటే ఇక అంతే సంగతులు. పెళ్లిబట్టలు కొనడానికి వెళ్లినవాళ్లు కూడా అంతసేపు తటపటాయించరు.

ఆ ఎర అంటే వానపాము కాదు, వంచిన తీగ ముక్క. ఒక కొసన గిర్రున తిరిగే రేకు, రెండో కొసన సీసపు గుండు, కొక్కెం, వాటిని కప్పుతూ రబ్బరు కుచ్చు. నీళ్లలో లాగితే పారిపోతున్న చిన్న చేపలా కనిపిస్తుంది. చిన్న చేపల్ని వేటాడే బాస్ చేప దాన్ని చూసి ఊరుకోలేదు. రేకుల్లో వెండివి, ఇత్తడివి, రాగివి. కుచ్చులకైతే ఇంద్రధనుస్సు చాలదు.

శనివారం పొద్దున్నే సరస్సు రేవులో పడవ దించుతాం. నేను ఒడ్డునే నిలబడతాను. బావ పెట్టె తెరుస్తాడు.

"ఒరేయ్ డ్వైట్, నీళ్లెలా ఉన్నాయి?"

"కాఫీలా ఉన్నాయి బావా."

"పాలు పోసినదా, పోయనిదా?"

"కాస్త పోసినదే."

"అయితే గుండ్రటి రేకు, నిమ్మపచ్చ కుచ్చు. మురికి నీళ్లలో అదే కనిపిస్తుంది. కానీ ఎండొచ్చేట్టుందిరా. ఎండొస్తే వెండి రేకు, తెల్ల కుచ్చు. మళ్లీ మబ్బేస్తేనో?"

"మార్చుకుందువులే."

"మార్చేలోగా చేప పోతేనో?"

రోజూ ఇదే రేవుకొచ్చే లమార్, వెనక వరుసలోంచి తన ట్రక్కు హారన్ మోగిస్తాడు. "ఆర్లిస్, చేపలు కళ్లద్దాలు పెట్టుకుని నీ కుచ్చుకోసం కూర్చున్నాయా? జరుగు."

బావ వినిపించుకోడు. ఒక కుచ్చు నా చేతిలో పెట్టి "పోగులు విడదియ్యి" అంటాడు. తర్వాత ఇంకోటి. చివరికి నా సహనం చచ్చిపోతుంది. "ఏదో ఒకటి కట్టి తగలడు బావా, ముందు పడవెక్కు" అని నేనే విసురుగా ఎక్కి కూర్చుంటాను. అప్పుడు ఆయన నిమ్మపచ్చో, తెలుపో కట్టి ఇంజను తిప్పుతాడు.

నిజానికి నేను ఒడ్డున నిలబడేది ఆయనకోసం కాదు. భయంతో. ఆ ఏడాది మార్చిలో ఒక పొగమంచు పూట నా పడవ మునిగి ఉన్న మొద్దుకు కొట్టుకుని బోర్లాపడింది. లమార్ నా కేకలు విని వచ్చేదాకా ఆ మొద్దునే కావలించుకుని వేలాడాను. చలికి వేళ్లు కొయ్యబారాయి. ఒడ్డు ఎటుందో తెలియలేదు. ఆ తర్వాత నడుం నొప్పని చెప్పి పడవ అమ్మేశాను. స్నానాల తొట్టి కూడా సగమే నింపుకునేవాణ్ణి. రేవు రాళ్లకు నీళ్లు తగిలి గుటక్ గుటక్ మంటుంటే, ఎవరో నన్ను కొంచెం కొంచెంగా మింగుతున్నట్టుండేది. ఈ సంగతి ఎవరికీ చెప్పలేదు.

కొన్నాళ్లకు బావ ఇంటికొచ్చాడు. "నా పడవ ఒక పక్కకి ఒరుగుతోందిరా. వచ్చి రెండో పక్కన కూర్చో."

"ఇసక బస్తా పెట్టుకో."

"బస్తా మాట్లాడదుగా."

బావ మాట తీసెయ్యలేక వెళ్లాను. అప్పట్నుంచి ప్రతి శనివారం ఇదే తంతు.

మేలో ఒకరోజు సరస్సు మధ్యలో ఉండగా నైరుతి నుంచి గాలి లేచింది. చూస్తుండగానే నీళ్లు నల్లబడ్డాయి. ఒక అల పడవ ముక్కు మీంచి లోపలికొచ్చింది. ఇంజను రెండుసార్లు దగ్గి ఊరుకుంది. నేను పీటను రెండు చేతులతో పట్టుకుని కళ్లు మూసుకున్నాను. మార్చి నెల చలి మళ్లీ ఎముకల్లోకి ఎక్కింది. గొంతులోంచి ఏదో సన్నటి శబ్దం వస్తోంది. అది నాదేనని కాసేపటికిగానీ తెలియలేదు.

"డ్వైట్," అన్నాడు బావ. ఒక చెయ్యి ఇంజనులో ఉంది. రెండో చేత్తో పెట్టె నా ఒళ్లోకి తోశాడు. "రాగి రేకా, ఇత్తడి రేకా?"

"చస్తుంటే రేకులేంటి బావా."

"వినపళ్లేదు. గట్టిగా చెప్పు."

"చస్తున్నామన్నాను."

"దానికి ఏ రంగంటావు?"

నాకు ఒళ్లు మండిపోయింది. రాగి అన్నాను. ఈ వెలుగులో రాగి దండగన్నాడు. ఇత్తడన్నాను. ఇత్తడికి తెల్ల కుచ్చు నప్పదన్నాడు. నీకు బుర్ర లేదన్నాను. మీ అక్క కూడా అదే అంటుందన్నాడు. గాలిని మించి అరుచుకున్నాం. ఆ అరుపుల మధ్య ఎప్పుడో ఇంజను అందుకుంది.

రేవు చేరాక చూసుకుంటే నేను పీట ఎప్పుడో వదిలేశాను. గుప్పిట్లో రాగి రేకుంది. బావ పెదాలు పాలిపోయి ఉన్నాయి. దిగగానే రాయి మీద కూర్చుని చాలాసేపు లేవలేదు. ఆయనకూ భయమేసిందని అప్పుడు తెలిసింది.

కాస్త తేరుకుని బావ ట్రక్కు తేవడానికి వెళ్లాడు. లమార్ వచ్చి పడవ తాడు పట్టుకున్నాడు.

"ఈయన రంగుల పిచ్చితో రోజూ ఎలా వేగుతున్నావు లమార్?" అన్నాను.

"రోజూ ఎక్కడ? నువ్వొచ్చే శనివారాలే ఈ గోల. మిగతా రోజుల్లో నేను టోపీ పెట్టుకునేలోగా వెళ్లిపోతాడు. ఇరవై ఏళ్లుగా తెల్ల కుచ్చు, వెండి రేకు. ఇంకోటి కట్టగా చూడలేదు. ఆ పెట్టెడు రంగులు నువ్వు నీళ్లలో పడ్డాకే కొన్నాడు."

గుప్పిట్లో ఉన్న రాగి రేకును తిప్పి చూసుకున్నాను.

"మరి నువ్వు హారన్ కొట్టి తిడతావుగా."

లమార్ తాడు ముడి చూసుకుంటూ చెప్పాడు. "ఆయనే కొట్టమన్నాడు. కోపమొస్తే నువ్వు భయం మర్చిపోయి పడవెక్కుతావట. తిట్లు మాత్రం నా సొంతం."

బావ దగ్గర ఆ మాట ఎత్తలేదు. ఎత్తితే చెవులెర్రబడి, ఏదో పనుందని పారిపోయే మనిషి ఆయన. మరుసటి శనివారం రేవులో పడవ దించగానే నేను ముందుగా ఎక్కి కూర్చున్నాను. పీటను రెండు చేతులతో పట్టుకున్నాను. కళ్లు మాత్రం మూసుకోలేదు.

"బావా, తెలుపు కట్టేసి పద."

బావ నా వంక చూశాడు, పీట పట్టుకున్న నా చేతుల వంక చూశాడు. తెరిచిన పెట్టె మూశాడు. ఒక కాలు పడవలో పెట్టాడు. ఆగాడు. కాలు వెనక్కి తీసుకుని మళ్లీ పెట్టె తెరిచాడు.

"కాదుగానీ డ్వైట్, ఈ నీళ్లకి ఆ రాగి రేకు..."

"ఇంక చాల్లే బావా, నేను ఎక్కేశాగా."

"నువ్వెక్కావు సరే. నిజంగానే అడుగుతున్నానురా. తెలుపా, నిమ్మపచ్చా?"

ఆయన మొహంలో నటన లేదు. నాకోసం తెచ్చిపెట్టుకున్న రోగం పాపం నిజంగానే అంటుకుంది. రేకును ఎండకేసి తిప్పాడు. కుచ్చును నీళ్లలో ముంచి తీశాడు. తలగోక్కున్నాడు. అల మీద పడవ మెల్లగా ఊగుతోంది. ఆయన తేల్చుకునేసరికి నాకు కునుకు పట్టేసింది.