‘లేచాను’ అంటే చాలదు

రైలు షెడ్డు క్వార్టర్స్‌లో ఆయన్ని అందరూ కోడిపుంజు అనే పిలిచేవారు. చాటున కాదు, ఎదురుగానే. ఆయనా పలికేవాడు. పని అలాంటిది మరి. ఇరవై ఆరేళ్ళపాటు డ్రైవర్లని నిద్ర లేపడమే ఆయన ఉద్యోగం. బండి బయల్దేరడానికి రెండు గంటల ముందు సైకిలేసుకుని డ్రైవరు ఇంటికి వెళ్ళాలి, తలుపు తట్టాలి, మనిషిని లేపాలి, పుస్తకంలో సంతకం పెట్టించుకుని రావాలి. ఆయన చదువు ఐదో తరగతి దగ్గరే ఆగిపోయింది గానీ, ఏ డ్రైవరు ఎలా లేస్తాడో మాత్రం కంఠతా వచ్చు.

ఒకాయన ఇంట్లో పసిపిల్ల ఉండేది. తలుపు కొడితే వాళ్ళావిడ ఊరుకునేది కాదు. అందుకని కిటికీ ఊచ మీద సైకిలు తాళంచెవితో రెండుసార్లు టకటకమనిపించేవాడు. ఇంకొకాయన ఎంత పిలిచినా కదిలేవాడు కాదు, ఫ్యాను ఆపితే మాత్రం చటుక్కున లేచి కూర్చునేవాడు. మరొకాయన కళ్ళు తెరవగానే నాలుగు తిట్లు తిట్టి, మొహం కడుక్కున్నాక కూర్చోబెట్టి టీ ఇచ్చేవాడు. కొత్తగా పెళ్ళయినవాళ్ళ ఇంటికి వెళ్ళాల్సి వస్తే వీధి మొదట్లోంచే బెల్లు కొట్టుకుంటూ వెళ్ళేవాడు. ఆ మాత్రం మర్యాద తెలిసిన మనిషి.

అందరిలోకీ మొండిఘటం గురక డ్రైవరు. ఆ గురక మూడిళ్ళ అవతలికి వినపడేది. ఒకసారి తెల్లవారుజామున వెళ్ళి లేపితే “లేచాను” అన్నాడు, సంతకమూ పెట్టాడు. ఈయన నమ్మి వచ్చేశాడు. ఆయన మళ్ళీ దుప్పటి కప్పేసుకున్నాడు. బండి గంటన్నర ఆలస్యం. ఆఫీసులో పుస్తకం తెరిచి చూస్తే, సంతకం కాగితం దాటి అట్ట మీదికి పాకి ఉంది. నిద్రలో పెట్టిన సంతకం అది. ఇద్దర్నీ పదిహేను రోజులు ఇంట్లో కూర్చోబెట్టారు. ఏం చేస్తారు, పని లేదు కదా, మెట్ల మీద కూర్చుని పేకాడుకుంటూ అన్నదమ్ముల్లా అయిపోయారు.

అప్పటినుంచి కోడిపుంజుది ఒకటే రూలు. ‘లేచాను’ అంటే చాలదు. రెండు కాళ్ళూ నేలకి ఆనాలి. టైమెంతయిందో మనిషి తన నోటితో చెప్పాలి. అప్పుడే గుమ్మం దిగడం.

అలాంటాయనకి లేవని కూతురు పుట్టింది. ఒక్కతే కూతురు. ఇంట్లో దాన్ని దుంగ అనేవారు. మంచం మీద దుంగని పడేసినట్టే పడుకునేది. బడి ఉన్న రోజుల్లో ఆయన డ్యూటీ నుంచి నేరుగా వచ్చి, యూనిఫాం విప్పకుండానే మంచం కాళ్ళవైపు నిలబడి, దాని బొటనవేలు పట్టుకుని, “ఎనిమిదింటి బండండీ డ్రైవరుగారూ” అనేవాడు. అది కళ్ళు తెరవకుండానే చెయ్యి చాపి, ఆయన అరచేతిలో వేలితో సంతకం గీసేది. గీసి మళ్ళీ పడుకునేది. పన్నెండేళ్ళ బడి అలాగే నడిచింది. ఒక్కరోజు కూడా దానంతటది లేవలేదు, ఒక్కరోజు కూడా ఆలస్యంగా వెళ్ళలేదు.

తర్వాత డ్రైవర్లందరికీ ఫోన్లు వచ్చాయి, లేపే పని పోయింది. ఆయన్ని షెడ్డులో పనిముట్ల గదికి మార్చారు. రెంచీలు ఇవ్వడం, సాయంత్రం తిరిగి తీసుకోవడం. దుంగ సెలవుల్లో అక్కడే తిరిగేది. నట్టు చూసి రెంచీ నంబరు చెప్పేసేది. ఇంజన్ల పిచ్చి అక్కడే పట్టుకుంది. పంతొమ్మిదో ఏట నేవీకి పరీక్ష రాసింది. ఓడ ఇంజన్ల విభాగంలో తీసుకున్నారు. ముందు పధ్నాలుగు వారాలు శిక్షణ.

ఉత్తరంతోపాటు అచ్చేసిన కాగితం ఒకటి వచ్చింది. ఫోను తేకూడదు. పొద్దున ఐదింటికి విజిలు. మొదటి నెలలో మూడుసార్లు ఆలస్యమైతే సామాను సర్దుకుని ఇంటికి వెళ్ళిపోవడమే. రాత్రి కాపలా వంతులవారీగా ఉంటుంది, ఎవరి వంతు అయ్యాక వాళ్ళు తర్వాతి మనిషిని లేపి వెళ్ళాలి.

ఆయన ఆ కాగితం కూడబలుక్కుంటూ రెండుసార్లు చదివాడు. పరుగులూ దండీలూ ఆయన్ని భయపెట్టలేదు, పిల్ల గట్టిదే. మూడుసార్లు ఆలస్యమైతే అన్న మాట దగ్గర ఆగిపోయాడు. నిద్ర సంగతి ఆయనకన్నా తెలిసినవాళ్ళెవరు? కొందరు ముప్పై ఏళ్ళు సర్వీసు చేసి కూడా తమంత తాము లేవడం నేర్చుకోలేదు.

ఆ రోజే దుంగ బల్ల గడియారం కొనుక్కొచ్చి తలగడ పక్కన పెట్టుకుంది. ఇకమీదట తనని లేపొద్దని నాన్నకి గట్టిగా చెప్పింది. వెళ్ళడానికి ఇరవై ఐదు రోజులుంది. రోజూ ఐదింటికి లేచి, లేచిన రోజు క్యాలెండరులో టిక్కు పెట్టుకుంటానంది.

మొదటి రోజు టిక్కు పడింది. రెండో రోజు, మూడో రోజు కూడా. పిల్ల మొహంలో వెలుగు చూడాలి. పదకొండు టిక్కులు వరసగా పడ్డాయి. వాళ్ళమ్మ రొట్టెల ఫ్యాక్టరీలో ప్యాకింగు పని చేసేది. నాలుగింటి షిఫ్టు కాబట్టి ఆ వేళకి ఇంట్లో ఉండేది కాదు. సెలవు రోజున మాత్రం మంచం మీద పడుకుని అంతా విన్నది. గడియారం మోగింది. దుంగ చెయ్యి వెళ్ళి దాని నెత్తిన పడింది. మోత ఆగింది. తర్వాత వంటగదిలో స్టీలు గ్లాసు కింద పడింది. ఆ తర్వాత దగ్గు. కుర్చీ ఈడ్చిన చప్పుడు. మళ్ళీ గ్లాసు. అప్పుడు లేచింది పిల్ల.

పిల్ల స్నానానికి వెళ్ళగానే ఆవిడ వంటగది గుమ్మంలో నిలబడింది.

“ఎన్నాళ్ళనించి పడుతున్నాయండీ ఈ గ్లాసులు?”

ఆయన గ్లాసు కడుగుతున్నట్టు నటించాడు.

“దానికి సాయం చేస్తున్నారా, మీకు మీరు చేసుకుంటున్నారా? అక్కడ దగ్గడానికి మీరుండరు.”

ఆవిడ అన్నదాంట్లో ఆయనకి గుచ్చుకున్న ముల్లు ఇంకొకటుంది. అది ఆవిడకీ తెలియదు. మూడు ఆలస్యాలూ పడి పిల్ల తిరిగొచ్చేస్తే బాగుండునని ఆయన లోపల ఎక్కడో ఒక మూల కోరుకుంటున్నాడు. పైకి మాత్రం గ్లాసులు పడేస్తున్నాడు. రెండూ ఒకే మనిషి చేస్తున్న పనులు. ఏం చెప్పమంటారు, కన్నవాళ్ళ బుర్ర అలాగే ఉంటుంది.

సాయంత్రం దుంగ సంచిలో బట్టలు సర్దుతుంటే చెప్పేశాడు. అది క్యాలెండరు దగ్గరికి వెళ్ళి టిక్కులు లెక్కపెట్టింది.

“పదకొండూ నువ్వేనా?”

“తొమ్మిది. రెండు రోజులు నువ్వే లేచావు.”

“ఏ రెండు?”

“మంగళవారం, వాన పడ్డ రోజు. మొన్న శుక్రవారం.”

అది పెన్ను తీసుకుని తొమ్మిది టిక్కులు ఒక్కొక్కటే కొట్టేసింది, రెండు ఉంచింది. కోప్పడితే బాగుండేది. కోప్పడలేదు. “నువ్వింట్లో ఉంటే అవ్వదు నాన్నా” అని మాత్రం అంది.

ఆ మాటకి ఆయన తలగడా దుప్పటీ చంకన పెట్టుకుని గురక డ్రైవరు ఇంటికి నడిచాడు. గురక డ్రైవరు అప్పటికే రిటైరయ్యాడు, ఒక్కడే ఉంటున్నాడు. గుమ్మంలో చూసి, “ఏరా కోడిపుంజూ, పెళ్ళాం తరిమేసిందా?” అన్నాడు. కూతురు తరిమిందని చెబితే, ఇంకా నయం, చిన్నది తరిమితే తొందరగా రానిస్తుందిలే అని మంచం వాల్చాడు. ఆ ఇంట్లో ఈయనకి నిద్ర పట్టిందని మాత్రం అనుకోకండి. లారీ ఘాట్ రోడ్డు ఎక్కుతున్నట్టుండేది ఆ గురక.

పొద్దున్నే ఇంటికి వెళ్ళకూడదని ఒట్టు. సాయంత్రాలు మాత్రం వెళ్ళి కూర్చునేవాడు. మొదటి రోజు దుంగ ఎనిమిదింబావుకి లేచింది. రెండో రోజు ఏడు. మూడో రోజు ఐదింటికే లేచింది. నాలుగో రోజు మళ్ళీ ఎనిమిది. ఒక సాయంత్రం అది చాలాసేపు క్యాలెండరు ముందు నిలబడి, ఉన్నట్టుండి అడిగింది.

“అసలు మనిషిని ఎలా లేపాలి నాన్నా? అక్కడ కాపలా అయ్యాక నేను కూడా లేపాలిగా.”

ఇరవై ఆరేళ్ళలో ఆ ప్రశ్న ఆయన్ని ఎవరూ అడగలేదు. పనిముట్ల గదికి మార్చినప్పుడు ఆఫీసరు కూడా, ఇంకేం, హాయిగా పడుకోవయ్యా అన్నాడే గానీ, ఆ పని ఎలా చేశావని అడగలేదు. ఆయన కుర్చీ ముందుకి జరుపుకుని మొదలుపెట్టాడు. తల దగ్గర నిలబడకూడదు, అదిరి లేచి చెయ్యి విసురుతారు. కాళ్ళవైపు ఉండాలి. అరవకూడదు. పేరు పెట్టి పిలవాలి, ఏ లోకంలో ఉన్నా ఎవరి పేరు వాళ్ళకి వినపడుతుంది. వెంటనే టైము చెప్పాలి, వెళ్ళాల్సిన పని చెప్పాలి. ఇక ఆ ‘లేచాను’ అన్న మాట మాత్రం జన్మలో నమ్మకూడదు.

అది నోట్సు రాసుకుంది. నవ్వులాటకి కాదు, నిజంగానే. మర్నాడు మధ్యాహ్నం గురక డ్రైవరు మీదే ప్రయోగం. కాళ్ళవైపు నిలబడి పిలిచింది, రెండున్నరయిందని చెప్పింది. ఆయన పక్కకి తిరిగి “లేచాను” అన్నాడు.

“కాళ్ళు కింద పెట్టు పెదనాన్నా.”

“లేచానంటున్నాగా.”

“పెట్టు. టైమెంతో నువ్వు చెప్పు.”

ఆయన విసుక్కుంటూ లేచి కూర్చుని, కాళ్ళు కింద పెట్టి, గోడ గడియారం చూసి టైము చెప్పాడు. తర్వాత గుమ్మంలోంచి చూస్తున్న కోడిపుంజు వైపు తిరిగి, “ఈ మొండితనం నీకు ఆ రోజుండుంటే మన పదిహేను రోజుల జీతం నిలిచేది కదరా” అన్నాడు. ముగ్గురూ నవ్వారు. ఆ పదిహేను రోజులు పోకపోయి ఉంటే ఈ మంచం ఎక్కడిది, ఈ పేకాట ఎక్కడిది అని కోడిపుంజు అనుకున్నాడు గానీ పైకి అనలేదు.

పధ్నాలుగు రోజులకి ఐదు టిక్కులు. వెళ్ళే రోజు రానే వచ్చింది. బండి ఏడుంపావుకి. పిల్ల తనంత తానే లేచి స్టేషనుకి రావాలని, ఎవరూ ఇంటికి వెళ్ళకూడదని మాట. ఆయన ఐదింటికే ప్లాట్‌ఫారం మీద ఉన్నాడు. ఆరున్నరకి వాళ్ళావిడ షిఫ్టు మధ్యలో గంట సెలవడిగి, ఫ్యాక్టరీ ఏప్రనుతోనే వచ్చింది. పిల్ల జాడ లేదు. ఆరూ ముప్పావు. ఆయన గేటు దాకా వెళ్ళాడు, ఆవిడ వెనకనుంచి చొక్కా పట్టుకుంది. వెనక్కి వచ్చాడు. రెండు నిమిషాలాగి మళ్ళీ వెళ్ళాడు.

“సైకిలు మీద నాలుగు నిమిషాలే. ఒక్కసారి బెల్లు కొట్టి వస్తా.”

“కొట్టండి. తర్వాత అక్కడికి కూడా రోజూ వెళ్ళి కొట్టండి.”

ఆవిడ గొంతు కూడా గట్టిగా లేదు. ఆయన గేటు కమ్మీ పట్టుకుని నిలబడ్డాడు. ఏడింటికి ఐదు నిమిషాలుండగా మలుపులో సంచి కనపడింది, దాని కింద పిల్ల కనపడింది. పరుగు. జడ వంకర, కళ్ళు ఎర్రగా చింతనిప్పులు.

ఆయన ఏం అడగాలో అదే అడిగాడు. “ఎన్నింటికి లేచావే?”

“పడుకుంటే కదా లేవడానికి. గోడకానుకుని కింద కూర్చున్నా, రాత్రంతా.”

వాళ్ళమ్మ నుదురు కొట్టుకుంది. ఆయనకి నవ్వాలో ఏడవాలో తెలియలేదు. మరి అక్కడ రోజూ జాగారమేనా అన్నాడు. రేపటి సంగతి రేపు చూసుకుంటాను, ఇవాళ్టి బండి తప్పలేదుగా అంది అది. అమ్మని గట్టిగా పట్టుకుంది. నాన్న చొక్కా జేబులో క్యాలెండరు కాగితం మడిచి పెట్టి, పెట్టె ఎక్కి కిటికీ పక్కన కూర్చుంది.

సిగ్నలు ఇవ్వలేదు. బండి పది నిమిషాలు అలాగే నిలబడింది. ఆ పది నిమిషాల్లో దుంగ కిటికీ అద్దానికి తల ఆనించి నిద్రపోయింది. నోరు కొంచెం తెరుచుకుంది, చిన్నప్పటిలాగే. ఆ బండి వెళ్ళేదే శిక్షణ కేంద్రం ఉన్న ఊరికి, సాయంత్రానికి చేరి అక్కడే ఆగిపోతుంది. దాటిపోతుందన్న భయం లేదు.

సిగ్నలు పడింది. “తట్టండి, ఒక్కసారి చూసి వెళ్తుంది” అంది ఆవిడ.

ఆయన చెయ్యి అద్దం దాకా వెళ్ళింది.

“వద్దులే. రాత్రంతా కూర్చుంది” అని చెయ్యి దించేశాడు.

బండి కదిలింది. పిల్ల తల ఒకసారి అద్దం మీద ఊగి మళ్ళీ సర్దుకుంది. ఇద్దరూ చివరి పెట్టె దాటేదాకా నిలబడ్డారు. ఆవిడ ఫ్యాక్టరీకి, ఆయన పనిముట్ల గదికి వెళ్ళిపోయారు.

ఫోను ఇరవై మూడో రోజున వచ్చింది, ఆదివారం మధ్యాహ్నం. మూడు నిమిషాలే మాట్లాడనిస్తారట. వాళ్ళమ్మ తిండి గురించి అడుగుతుంటే ఆయన మధ్యలో దూరి, ఎన్ని ఆలస్యాలు పడ్డాయని అడిగాడు.

“రెండు. మొదటి వారంలోనే. తర్వాత పడలేదు నాన్నా. విజిలుకి ముందు కాపలా ఎవరిదైతే ఆ పిల్లకి నీ రూలు చెప్పి పెడతా. నేను కాళ్ళు కింద పెట్టి టైము చెప్పేదాకా నా మంచం దగ్గర్నించి కదలదు. దాన్ని లేపే వంతు నాకొస్తే నేనూ కదలను.”

ఇంకేదో చెప్పబోతుంటే లైను తెగిపోయింది. ఆవిడ కొంగుతో కళ్ళు తుడుచుకుంటూ, అది తిన్నదో లేదో చెప్పనే లేదని ఆయన మీద విసుక్కుంది. ఆయన చెప్పులు వేసుకుంటున్నాడు. గురక అన్నకి చెప్పాలి. టైము రెండయింది, మంచి నిద్రలో ఉంటాడు. ఉంటే ఉండనీ అనుకుని, సైకిలు తీశాడు.